ఉలుకక్క ఫారంలో నాలుగక్షరాల మాట

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆవిణ్ణి అందరూ ఉలుకక్క అనేవారు. వెనక ఎవరైనా తుమ్మితే చాలు, చేతిలో దుప్పటి కింద పడేసేది. పదకొండేళ్లుగా ఇస్త్రీ రోలర్ దగ్గర పని. సూపర్‌వైజర్ ఎదురుపడితే "సరేనండీ" తప్ప ఇంకో మాట పెగిలేది కాదు.

అలాంటి మనిషి ఒక సోమవారం నోరు విప్పింది. వేళ్లు లోపలికి పోకుండా రోలర్‌కి అడ్డంగా ఉండే కడ్డీ ఊడిపోయింది.

"నేను నడపనండీ. ఎవరో ఒకరి చెయ్యి పోతుంది," అంది.

సూపర్‌వైజర్ ఎగాదిగా చూసి మెకానిక్‌ని పిలిచాడు. పల్లెత్తు మాట అనలేదు. తిట్టేసినా బాగుండేదనిపించింది ఆవిడకి.

రెండు వారాలకి, ఎవరి పనితీరు ఎలా ఉందో రాసే ఏడాది ఫారాల మీద సంతకాలు పెట్టించారు. ఆవిడ ఫారం అడుగున, ఖాళీ గడిలో, సూపర్‌వైజర్ రాసిన ఒకే ఒక్క ఇంగ్లీషు మాట ఉంది. నాలుగక్షరాలు. కూడబలుక్కుని చదివింది. బోల్డ్.

పక్కనున్నావిణ్ణి అడిగితే గొంతు తగ్గించి, "సిగ్గూ ఎగ్గూ లేనిదని అక్కా. నిరుడు మానిపించారే, ఆ పిల్లనీ ఇదే అన్నారు," అంది.

ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఇంటికెళ్లినా ముద్ద దిగలేదు. ప్రెస్సులో పనిచేసే మరిది విషయం విని నవ్వేశాడు. "లావుపాటి అక్షరాన్ని అంటారు వదినా! హెడ్డింగులకి వాడతాం."

"బోల్డంటే బోలెడనేగా, దానికెందుకే ఏడుపు?" అంది అత్తగారు మంచం మీంచి.

ఇద్దరి మాటా గుండెదడ తగ్గించలేదు. మర్నాడు మధ్యాహ్నం పర్మిషన్ పెట్టి లైబ్రరీకి వెళ్లింది. అక్కడి పెద్దావిడ లావు డిక్షనరీ తీసి, కళ్లద్దాలు సర్దుకుని చదివింది.

"చాలా పాత మాటమ్మా. మొదట్లో ధైర్యంగలవాళ్లనే అనేవాళ్లు. పొంగడం, ఉబ్బడం అనే మూలంలోంచి వచ్చి ఉండొచ్చట, ఖాయంగా చెప్పలేరు. తర్వాత తర్వాత హద్దుమీరి మాట్లాడేవాళ్లకీ అంటించారు. అచ్చులో వాడే లావు అక్షరాలకి ఇంకా ఆలస్యంగా వచ్చింది."

"మరి నన్నేమన్నట్టండీ?"

"రాసినాయన మనసులో ఏముందో ఇందులో ఉండదు కదమ్మా."

ఆ వారమంతా గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలో కాగితం కనిపించినా ఇక తన పని ఆఖరే అనుకునేది. శుక్రవారం నిజంగానే పిలుపొచ్చింది. పెద్ద మేనేజరు గదికి రమ్మన్నారు. మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగింది. లోపల మేనేజరమ్మ, పక్కన సూపర్‌వైజర్.

"ఎదురు మాట్లాడిందని రాశాను మేడమ్," అన్నాడతను.

మేనేజరమ్మ ఫారం మళ్లీ చూసింది. "అయ్యో, నేను మెచ్చుకున్నారనుకున్నానే! ఇంతకీ ఏమని ఎదురు మాట్లాడావమ్మా?"

 కడ్డీ సంగతి ముక్కలుముక్కలుగా చెప్పింది. మేనేజరమ్మ ఫారం పక్కన పెట్టి ఆవిడ వైపు తిరిగింది.

"రేపట్నుంచి పొద్దున్నే మిషన్లన్నీ నువ్వు చూసి, బాగున్నాయంటేనే ఆన్ చేస్తారు. సరేనా?"

వద్దండీ అనబోయింది. గొంతులోంచి "సరేనండీ" అనే వచ్చింది.

అలా ఆవిడకి కొత్త పని అంటుకుంది, దాంతోపాటు రోజుకో భయమూను. సూపర్‌వైజర్ చాలా రోజులు మొహం తిప్పుకుని తిరిగాడు. రెండో నెల్లో ఆరబెట్టే మిషన్‌లోంచి కాలిన వాసన వస్తే, అందరూ చూస్తుండగా ఆపేయాల్సొచ్చింది. చెయ్యి వణికి బటన్ మీద నిలవలేదు. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని నొక్కింది. మెకానిక్ తలుపు విప్పి చూస్తే లోపల బెల్టు సగానికి తెగి ఉంది.