అత్త ఉంగరంలో కాకిపాదం

పోయిన నెలలో ఒక పొద్దున గిన్నెలు కడుగుతుంటే మా మేనత్త ఉంగరంలో వజ్రం కదిలినట్టు అనిపించింది. ఆమె పోయిన దగ్గర్నుంచీ, అంటే పదకొండేళ్లుగా, అది నా వేలికే ఉంది. రాయి ఊడి తూములో పడితే నాతో కలిసి వెతికేవాళ్లు కూడా ఇంట్లో లేరు కనుక ఆ పూటే నరసరావుపేట బజారులో ఒక ముసలి కంసాలి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన రాయి విప్పి, కంటికి అద్దం పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత రాయి అడుగు నుంచి చిటికెన వేలి గోరంత కూడా లేని వెండి రేకు ముక్కను సన్నని పట్టకారుతో తీసి నా ముందు పెట్టాడు. "వెనకటి కట్టుడమ్మా ఇది. మెరుపు కోసం రాయి కింద రేకు పెట్టి మూసేవాళ్లు. ఈ రేకు పెట్టేటప్పుడే మడతలు పడింది. ఆ మడతలే పైకి నల్లగా అగపడతన్నయి. రాయి మాత్రం కడిగిన ముత్యమే," అన్నాడు. వజ్రాన్ని ముత్యమన్నందుకు ఇంకోరోజైతే నవ్వేదాన్ని. "రాయిలో దోషం లేదా?" అని అడిగాను. "ఏం దోషం? సూరత్ పంపిచ్చి కొత్తగా కోయిస్తే ఇంకా మెరుసుద్ది," అన్నాడు. నేను ఆయన కొట్టు బల్ల మీద కూర్చుండిపోయాను.

మా మేనత్తను క్రోసూరు దగ్గర ఒక పెద్ద రైతు కుటుంబంలో ఇచ్చారట. మూడో ఏడు మిరప బాగా పండితే మామ గుంటూరు పోయి ఆమెకు ఈ ఒంటిరాయి ఉంగరం తెచ్చాడు. ఆరు నెలలు తిరక్కుండా మిరపకల్లంలో పాము కరిచి పోయాడు. దినవారాలు కాగానే ఎవరో ఆ ఉంగరాన్ని ఎండకు పెట్టి చూసి, అందులో కాకిపాదం ఉందన్నారు. కాకి అడుగులా మూడు గీతల మచ్చ ఉన్న వజ్రం ఇంటి మగవాణ్ణి మింగుతుందని నమ్మకం. దాన్ని కృష్ణలో పారేసి వస్తేనే ఇంట్లో ఉండమంది ఆమె అత్తగారు. పారేయనంది మా అత్త. ఆయన తన చేతులతో తొడిగింది అదొక్కటేనని, ఆ ఉంగరంతోనే పుట్టింటికి వచ్చేసింది. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్లు. నేను ఇంకా పుట్టలేదు.

నాకు తెలిసిన అత్త వంటింటి పక్క గదిలో ఉండేది. కూరగాయలమ్మితో రోజూ తగాదా పడి, ఆ తగాదా అయ్యాక ఆమెకే మజ్జిగ పోసేది. నాకు జడ వేసేటప్పుడు రాయి చెవి అంచుకు చల్లగా తగిలేది. పెళ్లిళ్లకు అందరితో పాటు తననూ పిలిచేవాళ్లు గానీ, అక్కడికి పోయాక రాయిని అరచేతి వైపు తిప్పుకుని, వెనక వరసలో, అదీ స్తంభం పక్కన, కూర్చునేది. ఎవరైనా ఉంగరం మాట ఎత్తితే, "మింగితే మనిషి చస్తాడంట, పెట్టుకుంటే మొగుడు చస్తాడంట. ఇంత గింజకి ఎన్ని పనులే," అని తనే ముందు నవ్వేది. ఆమెకు ఆ మాటల మీద నమ్మకం లేదనే అనుకున్నాను. ఒక మధ్యాహ్నం మాత్రం, నాకు తొమ్మిదేళ్లప్పుడు, కిటికీ దగ్గర వేలు ఎండకు పెట్టి కూర్చుని నన్ను పిలిచింది. "నీ కళ్లు మంచియి. చూడు, అది పాదంలా ఉందా?" అని అడిగింది. నేను చూసి, "ఈగ లాగుంది," అన్నాను. ఆమె నవ్వలేదు. నన్ను మళ్లీ ఎప్పుడూ అడగలేదు. పెళ్లి మాట దాటేస్తూ, బళ్లో పాఠాలు చెప్పుకుంటూ, ఆఖరి దాకా నేను ఆమెతోనే ఉన్నాను. నేనూ ఆ సంగతి ఎత్తలేదు.

రాయిని కోయించవద్దన్నాను. మామ ఎంచి తెచ్చినదాంట్లో పొడి కూడా పోవడం నాకిష్టం లేకపోయింది. అడుగు మూయకుండా, వెలుతురు దూరేలా అదే ఉంగరంలో మళ్లీ పొదగమన్నాను. చేతికొచ్చిన మర్నాడే మాచర్ల బస్సెక్కాను. ఈ కబురు వినవలసిన వాళ్లలో మిగిలింది మామ చెల్లెలొక్కతే, ఎనభై దాటిన మనిషి. పిడుగురాళ్ల దగ్గర సున్నపుబట్టీల పొగకు కిటికీ మూసుకుని, ఆమెను ఏమని నిలదీయాలో మాటలు కూర్చుకున్నాను. తీరా పోయాక ఆమె మంచం మీద చెవి ఒగ్గి అంతా విని, నోట్లో వక్క ఒక పక్కకు నెట్టింది.

"నాకప్పుడే తెలుసే," అంది. "పాము కరిస్తే రాయేం చేసుద్ది? కొడుకు పోయాడని మా అమ్మ అన్నం మానేసింది. ఎవర్నో ఒకర్ని తిట్టకపోతే బతికేట్టు లేదు. అందుకని మేమంతా ఊఁ కొట్టాం."

"మరి మా అత్త సంగతేంది పిన్నీ?"

"చిన్నది గదా, తట్టుకుంటదిలే అనుకున్నాం."

నేను ఉంగరం ఉన్న చెయ్యి ఆమె ముందుకు చాపాను. ఆమె నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని, చూపు ఆనక, రాయిని బొటనవేలితో తడుముతూ కూర్చుంది. "తట్టుకుందా?" అని అడిగింది. ఆ ముసలి మొహం చూసి తట్టుకుందనే చెప్పాను. అబద్ధమో నిజమో నాకిప్పటికీ తెలియదు.

తిరుగు బస్సులో పక్క సీటు ఖాళీ. ఎవరికైనా ఫోన్ చేసి చెప్పాలనిపించి పేర్లన్నీ కిందకూ పైకీ జరిపి చూశాను. మా అత్త ఎవరో తెలిసిన పేరు ఒక్కటీ లేదు. కాలం ఎప్పటికైనా నిజాన్ని బయటపెడుతుందంటారు. పెట్టింది, కాకపోతే, అది వినాలని ఎదురుచూసినవాళ్లు లేచి వెళ్లేదాకా ఆగి పెట్టింది.