చట్టప్రకారం అర్హురాలు

ఇంటర్ రెండో ఏడాదిలో మా సివిక్స్ మేడం ప్రాజెక్టు కోసం తలా ఒక చట్టం పంచిపెట్టింది. వాహనాల చట్టం, వినియోగదారుల చట్టం లాంటి మర్యాదస్తుల చట్టాలన్నీ మగపిల్లలు ఎగరేసుకుపోయారు. నా వంతుకు సరోగసీ చట్టం మిగిలింది. మేడం ఆ మాట నోటితో అనలేక "అదేనమ్మా, ఆ చట్టం" అని చీటీ నా చేతిలో పెట్టేసింది. నర్సీపట్నంలో ఎవరి కడుపు సంగతి ఎవరైనా అడగొచ్చు, బస్సులో పక్క సీటావిడైనా సరే. చట్టం పేరు మాత్రం గుసగుసగా చెప్పాలి.

నేను అసలే మొండిదాన్ని. ఫోన్‌లో చట్టమంతా దించుకుని చదివాను. తెగ నచ్చింది కూడా. పరాయివాళ్ల బిడ్డను మోసిపెట్టే మనిషి అందుకు డబ్బు తీసుకోకూడదు. ఆమెకు పెళ్లయి, తనకంటూ ఒక బిడ్డ ఉండాలి. వయసు ఇరవై ఐదుకీ ముప్పై ఐదుకీ మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే మొయ్యాలి. అన్నిటికీ మించి ఆమె ఇష్టపడాలి. చార్టు మీద 'అర్హురాలు' అని ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి, కింద ఇవన్నీ దింపి, ముందుగదిలో గోడకు ఆనించాను.

ఆ ఆదివారం మా అత్త రోలుగుంట నుంచి వచ్చింది. అత్తంటే నాన్న చెల్లెలు. కడుపునొప్పని ఆసుపత్రికి వెళితే ముప్పై నిండకుండానే ఆవిడకు గర్భసంచి తీసేశారు. అయినా నానమ్మ భోజనాల ముందు ప్రార్థనలో కూతురికి గర్భఫలం అడగడం మానలేదు. చర్చి నుంచి వచ్చి, ఆ ప్రార్థన కూడా అయ్యాక, అందరం కోడికూర వడ్డించుకున్నాం.

"ఏటే అది?" అంది నానమ్మ చార్టు చూసి.

ఉత్సాహంగా చెప్పాను.

"గర్భసంచి లేకపోయినా పర్లేదా?"

"అండం అత్తదే నానమ్మా. మోసేది ఇంకొకళ్లు."

"డబ్బులో?"

"ఇవ్వకూడదు. పరోపకారంగా చెయ్యాలి."

నానమ్మ మొహం వెలిగిపోయింది. కూరగిన్నెతో వంటింటి గుమ్మంలో నిలబడ్డ మా అమ్మను ఎగాదిగా చూసింది. "సొంత ఆడబడుసుకి సేస్తే పరోపకారం ఏటి? ఇంటిపనే గదా."

నాన్న తలెత్తకుండా ఎముక కొరుకుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. "అమ్మ ఇష్టపడితేనే. చట్టంలో ఉంది" అన్నాను.

"ఇష్టపడక ఏటి సేస్తాది? నిన్ను మోసినప్పుడు దాన్ని ఎవులైనా అడిగారేటి?"

అమ్మ గిన్నె కింద పెట్టింది. "నాకు ముప్పై ఏడు అత్తయ్యా" అంది మెల్లగా.

"అబద్దాలాడకు. ముప్పై నాలుగే."

"ఆధార్‌లో ముప్పై ఏడండీ. పెళ్లప్పుడు పోలీసులొస్తారని మీరే రేషన్ కార్డులో మూడేళ్లు ఎక్కువేయించారు, అదే ఆధార్‌లోకీ ఎక్కింది."

పకపకా నవ్వేశాను. పదహారేళ్ల పిల్లను కాగితం మీద పెద్దదాన్ని చేసి కోడలిగా తెచ్చుకున్నారు. ఇప్పుడా అబద్ధమే అడ్డం పడింది. అంత తృప్తి నాకు ఏ పరీక్షలోనూ కలగలేదు. అమ్మ నవ్వు దాచుకోవడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నానమ్మ మాత్రం ఊరుకోలేదు. కాసేపు చార్టు చూసింది, తర్వాత నన్ను చూసింది.

"నీకిప్పుడు పదేడు గదా. పద్దెనిమిది నిండగానే బేగి పెళ్లి సేసేద్దాం. ఇరవయ్యైదొచ్చేసరికి నీకూ ఓ బిడ్డ ఉంటాది. సరిపోద్ది. ఏరా?"

నాన్న అప్పుడు తలెత్తాడు. వాళ్లమ్మను కసురుతాడని ఆశపడ్డాను.

"ఒక్కసారి చేస్తే చాలు కదా? మళ్లీ చెయ్యక్కర్లేదు కదా?" అని అడిగాడు నన్ను.

క్లాసులో మేడం అడిగితే చెప్పినట్టే "జీవితంలో ఒక్కసారే" అనేశాను. అన్నాక గాని ఏం మాట్లాడానో నాకు తెలియలేదు.

అత్త తన కంచంలోని కార్జం ముక్క తీసి నా కంచంలో వేసింది. అత్తకు నేనంటే ప్రేమే, అందులో అబద్ధం లేదు.

"తినమ్మా, మరీ సన్నంగున్నావు" అంది, నా నడుము వైపు చూస్తూ.