మలుపు దగ్గర దారం

మా జనగామ పరుగు సంఘంలో ఇరవై ఏళ్లు నాది ఒకటే పని. బచ్చన్నపేట రోడ్డు మీద నాలుగో మైలురాయి దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివాడి మణికట్టుకు దారం కట్టి వెనక్కి పంపడం. జీతం లేదు, చప్పట్లూ లేవు. దారం రంగు మాత్రం ఆ పొద్దున దాకా నాకు తప్ప ఎవరికీ తెలియదు. మావాళ్లేమన్నా తక్కువ తిన్నారా, సగం దారిలో చెట్టుకింద కూర్చొని లేచొచ్చేవాళ్లూ ఉండేవారు. అందుకే నేను కనబడేదాకా ఎవడూ తిరగొద్దని ముందే గట్టిగా చెప్పేవాణ్ని. ఆ చెప్పడంలో కొంచెం పొగరు కూడా ఉండేది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వల్ల రెండుసార్లు వాయిదా పడ్డ పందెం, కాస్త సద్దుమణిగిందని ఒక ఆదివారం పెట్టాం. ఆ ఏడు పసుపు దారం. అందరికీ కట్టాక ఒక్క పోగు మిగిలింది. తండా నుంచి మొదటిసారి వచ్చినతను ఇంకా రాలేదు. చెప్పులు లేని కాలు, ముల్లు గుచ్చుకొని వెనకబడ్డాడని ముందొచ్చినవాళ్లు చెప్పారు. అంతలో తెలిసినాయన సైకిల్ మీద వచ్చి, స్టేషన్ దగ్గర రాళ్లు పడుతున్నాయని, మా తమ్ముడు ఊరేగింపులో ఉన్నాడని చెప్పాడు. ముల్లు గుచ్చుకున్నవాడు ఈపాటికి ఇల్లు చేరి ఉంటాడులే అనుకున్నాను. సైకిల్ వెనక ఎక్కి చెరువు కట్ట మీది అడ్డదారిన వెళ్లిపోయాను. తీరా చూస్తే తమ్ముడు ఇంట్లో కూర్చొని అన్నం తింటున్నాడు.

ఆ తండా అతను మాత్రం మైలురాయి దాకా వచ్చాడు. నేను కనబడలేదు కాబట్టి తిరగలేదు. పరుగెత్తుతూ ముందున్న ఊరికి పోయాడు. అక్కడ పోలీసులు స్టేషన్ దగ్గర రాళ్లేసి పారిపోయినవాళ్ల కోసం వెతుకుతున్నారు. ఆ రోజుల్లో పరుగెత్తేవాడంటే పారిపోయేవాడే. లాఠీ దెబ్బకు మోకాలిచిప్ప పగిలింది.

దవాఖానలో నన్ను చూసి ఒక్కటే అడిగాడు.

"నిన్ను సూడకుంటనే దాటిపోయిన్నా అన్నా?"

"దాటిపోయినట్టున్నవ్" అన్నాను. ఇంత సిగ్గుమాలిన మాట జన్మలో ఇంకోటి అనలేదు.

తర్వాతి ఏటి నుంచి పందెం రోజు అతను కుంటుకుంటూ వచ్చి నా పక్కన నిలబడేవాడు. ఎందుకొచ్చావని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అందరూ వెళ్లాక కూడా నాకు రోడ్డు మీద ఒట్టికాళ్ల చప్పుడు వినపడేది. పక్కనే అతనున్నా వినపడేది. ప్రతి ఏడూ ఒక పోగు ఎక్కువ తెచ్చుకొని, ఎండ నెత్తికెక్కే దాకా కదిలేవాణ్ని కాదు.

ఎనభైల్లో నా మోకాళ్లూ మొరాయించాయి. అదే నా ఆఖరి పందెం. ఇక దాచలేక, ఆ రోజు నేను ఇక్కడ లేనని అతనికి చెప్పేశాను. అతను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"నాకు గప్పుడే ఎరుక అన్నా. నువ్వు మల్ల ఎల్లిపోతే, ఈడ ఒకలన్న ఉండాలె గద."