ముందుగా వేసిన సున్నా

బెల్‌ఫోర్డ్ ధాన్యపు కొట్టు కాటా దగ్గర మార్లిస్ ఏలర్స్ ముప్పై ఏడేళ్ళు పనిచేసింది. కోతల కాలంలో మొక్కజొన్న లారీలు నది ఒడ్డు దాకా బారులు తీరి నిలబడ్డా సరే, కాటా సూది ఊగడం మాని నిలిచేదాకా ఆమె కలం కాగితాన్ని తాకేది కాదు.

"రాసెయ్ తల్లీ, నాలుగు పౌన్లు అటూ ఇటూ అయితే నేనేమన్నా పోట్లాడతానా?" అని వెనక వరుసలో ఉన్న రైతులు గొణిగేవారు.

"నువ్వు పోట్లాడవు. సూది ఊరుకోదు," అనేదామె, కాటా అద్దం మీదినుంచి కళ్ళు తిప్పకుండా.

ఆ మొండితనాన్ని తిట్టుకొన్నవాళ్ళే, మార్లిస్ వేసిన తూకం అంటే మళ్ళీ చూసుకోనక్కరలేదని ఇళ్ళలో చెప్పుకొనేవారు. అది ఆమె చెవిన పడుతూనే ఉండేది. చర్చిలో మూడో వరుసలో కూర్చున్నప్పుడూ, దుకాణంలో గుడ్లు కొన్నప్పుడూ ఆమె వీపు నిటారుగా ఉండేదంటే దానికి కారణం ఆ ఒక్క మాటే.

ఉద్యోగం ముగిసిన ఏడాది, ఎవరూ కోరని ఒక పనిని ఆమె అడిగి తీసుకొంది. ఊరి బేస్‌బాల్ మైదానం చివర, బ్యాటు పట్టి నిలబడ్డవాడి కళ్ళకు సూటిగా ఎదురుగా, ఆకుపచ్చ రంగు వేసిన చెక్క స్కోరు బోర్డు ఒకటి ఉంది. ఒక్కో ఇన్నింగ్స్‌కు ఒక్కో గడి, ఒక్కో జట్టుకు ఒక్కో వరుస. గడి అంటే కిటికీ అంత ఖాళీ, మనిషి తలా భుజాలూ పట్టేంత. బోర్డు వెనక ఇనుప మెట్లు, నడవడానికి ఒక పలక బల్ల, గోడ నిండా కొక్కేలు, కొక్కేలకు అంకెలు రాసిన రేకులు. జట్టు వంతు ముగిసి మూడో ఔట్ పడగానే, ఎన్ని పరుగులు వచ్చాయో ఆ అంకె రేకును వెనకనుంచి గడిలో నిలబెట్టాలి. అంతవరకు గడి ఖాళీగా ఉండాలి. ఆ పనికున్న నియమం అదొక్కటే. మార్లిస్‌కు దాన్ని ఎవరూ నేర్పవలసిన అవసరం రాలేదు. పదకొండు వేసవులు ఆ రేకుల మధ్య ఆమె హాయిగా గడిపింది.

పన్నెండో వేసవి ఊరందరికీ పరీక్ష అయింది.

బెల్‌ఫోర్డ్ జట్టు పేరు హెరన్స్, అంటే కొంగలు. బంతి విసిరేవాళ్ళు ఆ యేడు బాగానే విసిరారు. ఎదుటి జట్లను రెండు పరుగులకూ మూడు పరుగులకూ కట్టేశారు. కొట్టవలసినవాళ్ళే కొట్టలేదు. జూలై ముగిసేసరికి సున్నా రేకుల మీద రంగు పెచ్చులు లేచిపోయింది. అయిదు, ఆరు, ఏడు మాత్రం కొన్న నాటి నిగనిగతో కొక్కేలకు వేలాడుతున్నాయి. మంగలి జీన్ డ్వోరాక్ మొదటి వరుసలో కూర్చొని, మైదానం మొత్తానికీ వినిపించే గొంతుతో ఊరి బాధను వెళ్ళగక్కేవాడు.

"ఒరేయ్ కొంగా! ఆ బ్యాటిచ్చింది విసురుకోవడానికి కాదురా!"

"మా అమ్మమ్మ వంటింట్లో ఈగల్ని ఇంతకన్నా బాగా కొట్టేదిరా! ఒంటి కంటితో!"

అందరూ నవ్వేవారు. నవ్వి, తమ డబ్బుకు తామే జాలిపడి, ఇంకో గ్లాసు బీరు తెప్పించుకొనేవారు. బోర్డు వెనక మార్లిస్ నవ్వేది కాదు. ఒంటరిగా ఉన్నచోట, చర్చిలో ఎవరూ ఆమె నోట ఊహించలేని మాటలు రెండు మూడు అనేసి, సున్నాను నిలబెట్టేది.

ఆగస్టు రెండో శుక్రవారానికి, వరుసగా ఇరవై ఆరు ఇన్నింగ్స్ ఒక్క పరుగైనా లేకుండా గడిచాయి. ఆ సాయంత్రం ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఎలాగో ఇద్దరు కొంగలు బేస్‌ల మీదికి, అంటే పరుగు దారిలోని మజిలీలకు, చేరారు. ఒక్క మంచి దెబ్బ తగిలితే ఇద్దరూ బయలుదేరిన చోటికి, అంటే ఇంటికి, చేరి రెండు పరుగులు వస్తాయి. అయితే అప్పటికే రెండు ఔట్‌లు. బ్యాటు పట్టుకొని వచ్చినవాడు టోబీ హేవర్‌క్యాంప్.

టోబీకి ముప్పై ఏళ్ళు. ఆ జట్టులో అందరికన్నా పెద్దవాడు. పక్క జిల్లాలో పాడి ఆవులవాళ్ళ కొడుకు. పెద్ద జట్లు పిలుస్తాయన్న ఆశ చల్లారిపోయినా, ఆట మీది ఇష్టం చల్లారక మిగిలిపోయిన మనిషి. అంతకుముందు ఇరవై మూడుసార్లు బ్యాటు పట్టి, ఒక్కసారీ బేస్‌కు చేరలేదు.

బోర్డు వెనక రేకుల వేడి కొలిమిలా ఉంది. మార్లిస్ జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. గడిలోంచి చూసి, వస్తున్నది ఎవరో గుర్తుపట్టి, "వీడా!" అంది. ఆ ఒక్క మాటతో ఆమె లోపల ఏదో తెగిపోయింది. చేయి దానంతటదే కొక్కేనికి వెళ్ళింది. సున్నా రేకును తీసి ఎనిమిదో గడిలో టక్కున నిలబెట్టింది.

టోబీ బ్యాటు ఎత్తి నిలబడ్డాడు. ఎదురుగా సున్నా కనిపించింది. అతను బ్యాటు దించి, అంపైరుకు చేయి చూపి, గీత దాటి పక్కకు జరిగాడు. అంపైరు తల ఎత్తి బోర్డును చూశాడు. బంతి విసిరేవాడు వెనక్కి తిరిగి చూశాడు. ఆ తర్వాత పదకొండు వందలమంది చూశారు.

మొదట ఎవరో ఒకరు ఈల వేశారు. వెంటనే మైదానమంతా నవ్వు విరగబడింది. మార్లిస్ గబగబా రేకును వెనక్కి లాగింది. గడి మళ్ళీ ఖాళీ కావడం చూసి జనం ఇంకా బిగ్గరగా నవ్వారు. ఆ నవ్వులో టోబీ తిరిగి వచ్చి నిలబడ్డాడు. మూడు బంతులు వచ్చాయి. మూడూ నడుము ఎత్తున, మధ్యగా, కొట్టదగినవే; అలాంటివి మూడు వదిలేస్తే ఔటే. అతని బ్యాటు భుజం మీదినుంచి కదలలేదు.

మూడో ఔట్. ఆమె అదే రేకును, అదే గడిలో, రెండోసారి నిలబెట్టవలసి వచ్చింది.

మర్నాడు ఉదయం కెఫేకు వెళ్ళకుండా ఉందామనుకొంది. కానీ వెళ్ళకపోతే అందరికీ తెలుస్తుంది. వెళ్ళింది. తలుపు తీయగానే జీన్ డ్వోరాక్ కాఫీ కప్పు పైకెత్తాడు.

"లేవండోయ్, సున్నాల మహారాణి వేంచేసింది!"

"ఊరుకో జీన్," అంది మార్లిస్.

"ఎందుకు ఊరుకోవాలే? నువ్వేమన్నా అబద్ధం పెట్టావా? జరగబోయే నిజాన్ని రెండు నిమిషాల ముందు పెట్టావు. అంతేగా!"

ఆమె స్నేహితురాలు ఆర్డిస్ క్లోస్టర్ దాల్చినచెక్క రొట్టెను సగానికి తుంచి ఆమె పళ్ళెంలో పెట్టింది. "ఈ యేడు నేను ఇంతగా నవ్వింది నిన్న రాత్రేనే మార్లిస్. మా ఆయనైతే కళ్ళజోడు కింద పడేసుకొన్నాడు."

"నవ్వడానికి ఏముందే అందులో?"

"ఏడ్చి ఏడ్చి అలిసిపోయాం కదే, అందుకు!"

మార్లిస్ పళ్ళేన్ని పక్కకు జరిపింది. జీన్ అన్న మాట, రేకు నిలబెట్టిన క్షణంలో ఆమె తనతో తాను అనుకొన్న మాటే. సూది ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు కదా అన్న ఆ గర్వాన్ని ముప్పై ఏడేళ్ళు ఎంతమంది రైతుల నోటినుంచో విని, ఎంతమందిని ఆమె ఆపింది! ఇప్పుడు ఊరు మెచ్చుకొంటోంది. తిట్టి ఉంటే తల దించుకొని భరించేది. మెచ్చుకొంటుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మధ్యాహ్నం మైదానం మేనేజరు బ్రెంట్ సోమర్స్ ఫోన్ చేశాడు. పాతికేళ్ళు దాటినవాడు, ఎప్పుడూ హుషారుగా ఉంటాడు.

"మార్లిస్ గారూ, ఆదివారం ఆటకు గేటు దగ్గర అందరికీ కాగితపు సున్నాలు పంచుతున్నాం! టోబీ వచ్చినప్పుడు జనం వాటిని ఎత్తుతారు, మీరు రేకు వేసెయ్యండి. అప్పుడే మూడు వందల టికెట్లు ఎక్కువ అమ్ముడుపోయాయి తెలుసా?"

"అతనికి చెప్పారా?"

"ఆటగాడు కదండీ, తట్టుకొంటాడు. వేస్తారు కదూ?"

కుదరదు అని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. బయటికి వచ్చిన మాట, "చూద్దాం."

బెల్‌ఫోర్డ్‌లో చూద్దాం అంటే సగం ఒప్పుకొన్నట్టు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, బ్రెంట్‌కూ తెలుసు. ఫోన్ పెట్టేశాక వంటగదిలో నిలబడి, మొదటి తప్పు చేయి చేసిందనుకొన్నా రెండోది తాను తెలిసి చేసిందేనని ఒప్పుకొంది.

ఆదివారం ఆట ఒంటిగంటకు. చర్చి నుంచి ఆమె నేరుగా ఆటగాళ్ళు కార్లు నిలుపుకొనే చోటికి వెళ్ళింది. ఆ ఊళ్ళో ఎవరినైనా నొప్పిస్తే, పళ్ళు పెట్టి కాల్చిన 'పై' అనే తీపి వంటకం చేసి పట్టుకెళ్ళడం ఆనవాయితీ. అందులో పెట్టే పుల్లని రూబార్బ్ కాడలు ఆమె పెరట్లో కోతకు వచ్చే ఉన్నాయి. కానీ చేతిలో పై పళ్ళెం ఉంటే మాటల్లో సగం దాని వెనక దాక్కుంటాయనిపించి, వట్టి చేతులతో వచ్చింది.

టోబీ తన పాత ట్రక్కు వెనక కూర్చొని బూట్ల తాళ్ళు కట్టుకొంటున్నాడు.

"నేను మార్లిస్ ఏలర్స్‌ను. బోర్డు దగ్గర పనిచేసేది నేనే."

"తెలుసండి." అతను లేచి నిలబడ్డాడు. పాడిపల్లెల పిల్లలకు పెద్దవాళ్ళ ముందు లేవడం ఇంట్లోనే అలవాటవుతుంది. ఆ మర్యాద ఆమెకు చెంపదెబ్బలా తగిలింది.

"నేను చేసింది తప్పు. కోపంలో చేశాను. నిన్ను చూసి, ఇక అయిపోయిందనుకొన్నాను. మూడో ఔట్ పడకముందే నీ లెక్క నేను తేల్చేశాను. అలా చేయడం నాకు... నేను ఎప్పుడూ చేయలేదు. క్షమించమని అడగడానికి వచ్చాను."

అతను వంగి రెండో బూటు తాడు బిగించాడు.

"మీరు వేసినందుకు కాదండి నాకు బాధ. వేసినదాన్ని దించారు చూడండి, అప్పుడు ఇంకా ఎక్కువ నవ్వారందరూ. నిజం చెప్పాలంటే, మీరు వేయకముందే నాకు అక్కడ సున్నా కనిపిస్తోంది. రెండు వారాలుగా కనిపిస్తోంది. మీరు వేసేసరికి, అయితే నేననుకొన్నది నిజమే కాబోలు అనుకొన్నా. అందుకే బ్యాటు లేవలేదు."

మార్లిస్ ఎండలో, తారు వాసన మధ్య, చేతి సంచిని రెండు చేతులతో పట్టుకొని నిలబడింది.

"ఇవాళ కాగితాలు పంచుతున్నారట కదా," అన్నాడతను. "వాళ్ళను మీరు ఆపలేరు. నాకు తెలుసు. నా వంతు వచ్చినప్పుడు ఆ గడి మాత్రం ఖాళీగా ఉంచుతారా? అంతే."

"ఉంచుతాను," అంది. ఈసారి చూద్దాం అనలేదు.

టోబీని ఆ రోజు మొదట ఆడించలేదు; ఇంకొకడి బదులుగా అతని వంతు ఆరో ఇన్నింగ్స్‌లో వచ్చింది. అప్పటికి అయిదు గడుల్లో అయిదు సున్నాలు, ఒక్కోటీ సమయానికి వేసినవే. రెండు ఔట్‌లు పడ్డాయి. అతను గీత దగ్గరికి నడిచి వస్తుండగానే కాగితాలు లేచాయి. మైదానం చుట్టూ తెల్లని గుండ్రాలు. "వెయ్ సున్నా! వెయ్ సున్నా!" అని పాదాలు తాళం వేశాయి. ఆమె పక్కనున్న వాకీటాకీలో బ్రెంట్ గొంతు గరగరలాడింది.

"ఇప్పుడే మార్లిస్ గారూ! వెయ్యండి!"

"వెయ్యను బ్రెంట్. నిన్ననే చెప్పవలసింది," అని ఆమె దాన్ని ఆపేసింది.

అరుపులు తగ్గలేదు. టోబీ బ్యాటు ఎత్తి, బోర్డు వైపు చూసి, దించాడు. ఖాళీ గడి అతనికి ఖాళీగా కనిపించడం లేదని ఆమెకు తెలిసిపోయింది. ఎప్పుడు రేకు వచ్చి పడుతుందోనని ఎదురుచూస్తున్నాడు. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. రేకులను దూరంగా తోసి, వంగి, ఆరో గడిలోంచి తలా భుజాలూ బయట పెట్టింది.

అరవై తొమ్మిదేళ్ళ ముఖం, చెమటతో, సిగ్గుతో కందిపోయిన ముఖం, ఆకుపచ్చ బోర్డు మధ్య అంకె ఉండవలసిన చోట నిలిచింది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత జీన్ గొంతు లేచింది.

"ఏమే మార్లిస్! అది సున్నానా, గుమ్మడికాయా?"

జనం విరగబడి నవ్వారు. ఎవరో కాగితాన్ని ఆమె వైపు తిప్పి ఊపారు. వెనక్కి తగ్గాలని ఆమె ఒళ్ళంతా కోరుకొంది. మొన్న ఇతను నిలబడి విన్నది ఇదే కదా అనుకొని, అంచును గట్టిగా పట్టుకొని, ఉన్నచోటే ఉంది. ఇప్పుడు ఎవరూ టోబీని చూడడం లేదు.

బంతి వచ్చింది. బ్యాటు కదిలింది.

చప్పుడు తేటగా, ఎండిన కట్టె విరిగినట్టు వినిపించింది. బంతి ఎత్తుగా లేచి బోర్డు వైపే వస్తోంది. నవ్వుతున్న నోళ్ళు తెరుచుకొనే ఉండిపోయాయి. కాగితాలు పట్టుకొన్నవాళ్ళు వాటిని వదిలేసి లేచి నిలబడ్డారు. ఎదుటి జట్టువాడు వెనక్కి పరుగెత్తి, వీపు బోర్డుకు తగిలేలా ఎగిరాడు. మార్లిస్ గడ్డం కింద రెండు అడుగుల్లో అతని చేతి తొడుగు తెరుచుకొంది. అందులో బంతి పడి, తొడుగు మూసుకోవడం ఆమె చూసింది. అతను కుదుపుకు నేలమీద బోర్లా పడ్డాడు.

బంతి అతని ఒంటి కింద ఉంది. అంపైరుకు కనిపించలేదు. టోబీకి కనిపించలేదు, అతను మొదటి బేస్ దాటి, రెండోదాని వైపు ప్రాణం పెట్టి పరుగెడుతున్నాడు. మైదానంలో ఒక్క ఆమెకే తెలుసు.

"ఏమైందే? పట్టాడా?" అని జీన్ కేకేశాడు. ఇప్పుడు అందరూ ఆమె ముఖంలోకే చూస్తున్నారు.

ఆమె తల ఊపలేదు. పెదవి కదపలేదు. అంపైరు పచ్చికలోకి పరుగెత్తుకొచ్చాడు. పడ్డవాడు మోకాళ్ళ మీద లేచి తొడుగు చాచాడు. అంపైరు వంగి చూసి, పిడికిలి పైకెత్తాడు. ఔట్.

అప్పుడు మార్లిస్ తల లోపలికి తీసుకొంది. కొక్కెం నుంచి సున్నా రేకును తీసి, పెచ్చు లేచిన చోట బొటనవేలితో ఒకసారి తుడిచి, వంకర లేకుండా ఆరో గడిలో నిలబెట్టింది. రేకు పక్క సందులోంచి చూస్తే, టోబీ రెండో బేస్ దగ్గర నడుము మీద చేతులు పెట్టుకొని రొప్పుతూ బోర్డు వైపు చూస్తున్నాడు. రేకు కుదురుకొన్నదాకా చూసి, ఇక బంతి ఆపే వంతు తమ జట్టుది కాబట్టి, తన తొడుగు తెచ్చుకోవడానికి వెళ్ళాడు.