గంగారాం అడిగిన రెండు

గంగారాం ముంబై కామాఠిపురలో పుట్టిన టైల్స్ మేస్త్రి. అతను పరిచిన నేల మీద గోలీ పెడితే పెట్టిన చోటే ఉంటుంది. పేకాటలోనూ అంతే. చేతిలో ఎన్ని పట్లు గెలిచే ముక్కలుంటే అన్నే అడుగుతాడు. తక్కువ అడిగి ఎక్కువ తీయడం అతని లెక్కలో పని రానివాడి తీరు.

ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళుండే వరస గదుల చాల్ గ్యాలరీలో జోడీల ఆట. ఎప్పుడూ ఇస్పేటే తురుపు. జోడీలో ఇద్దరూ అడిగినవి కలిపి తీయాలి, తీయలేకపోతే పడ్డట్టే. కానీ ముందు మాట్లాడుకోకూడదు. గంగారాం జోడీ రాజలింగు. భార్య పోయినప్పటి నుంచి ఆయన నలుగురితో కూర్చునేది ఆ బల్ల దగ్గరే. షుగర్‌తో చూపు మందగించింది. ఆ రోజు ఆటలో ఈ జోడీ అప్పటికే ఒకసారి పడింది.

"ఇంకోపారి పడితే మామ జాగల నిలేష్ కూసుంటడు," అన్నాడు ఎదుటి జోడీలోని మంగేష్, పక్కన నిలబడి ఆట చూస్తున్న కుర్రాణ్ణి చూపిస్తూ. "మల్ల అలగొద్దు."

"నువ్వు పంచు ముందు," అన్నాడు రాజలింగు.

ముక్కలు దగ్గరగా పట్టుకుని చూసి, ఐదు అడిగాడు.

గంగారాం తన ముక్కలు చూసుకున్నాడు. ఎక్కా, రాజుతో సహా ఇస్పేట్లే ఆరు. ఐదు పట్లు ఖాయం. మరి రాజలింగుకు ఐదు ఎక్కడివి? తురుపు లేకుండా అంత అడిగే మనిషి కాదు. రెండూ నలుపే, కళావర్లను ఇస్పేట్లనుకుని ఉంటాడు.

ఇద్దరివీ కలిపితే పది. పడిపోతారు.

"రెండు," అన్నాడు గంగారాం.

మంగేష్ జోడీ విక్కీ నవ్వాడు. "రెండేంది కాకా? ఇంట్ల చిన్నమ్మ తిట్టి పంపిందా?"

గంగారాం ముక్కలు సర్దుకున్నాడు.

ఆట నడుమ విక్కీ ఆఠీన్ ఎక్కా దించాడు. రాజలింగు దాని మీద ఒక ముక్క కొట్టి, పట్టు తీసుకోబోయాడు.

"అది కళావర్, మామా," అన్నాడు మంగేష్ మెల్లగా.

రాజలింగు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చివరికి ఆయనకు రెండే పట్లు వచ్చాయి. గంగారాం ఐదు తీశాడు. మొత్తం ఏడు. పడలేదు.

రాజలింగు ముక్కలు సర్ది బల్ల మీద పెట్టాడు.

"అయిదు చేతిల వెట్టుకొని రెండు అడిగినవ్."

"ఆట నిలవడ్డది గద, మామా."

"నా కోసం నువ్వు పని చెడగొట్టుకున్నవ్. అట్ల వద్దు." గోడ పట్టుకుని లేచాడు. "నిలేషా, కూసో."

రాజలింగు పక్కనే స్టూల్ వేసుకుని కూర్చున్నాడు. మళ్ళీ పంచారు. నిలేష్ మూడు అడిగాడు. గంగారాం తన ముక్కలు చాలాసేపు చూశాడు. చేతిలో నాలుగున్నాయి.

"నాలుగు," అన్నాడు, స్టూల్ దాకా వినబడేలా.