అన్నయ్య ఒంట్లో వేడి

అన్నయ్య టీ కెటిల్ మూత తీసి అంచు మీద ఏటవాలుగా ఆనించాడు. అది చూసి వడ్డించే ఆమె వచ్చి వేడినీళ్లు నింపింది. అన్నయ్య రెండు వేళ్లతో బల్ల మీద తట్టి ఆమెకు కృతజ్ఞత చెప్పాడు. ఏ బెంగా లేని మనిషిలా అతను చేసిన చివరి పని అదే.

మా అన్నయ్య మాక్ పుయ్‌వింగ్, షిన్‌హుయ్ అనే ఊళ్లో కమలాతోట చూసుకునేవాడు. తొక్కలు ఎండబెట్టి, ఏళ్ల తరబడి నిలవ చేసి అమ్మేవాడు. గ్వాంగ్జౌలో నా ఇంటికి వస్తే మాత్రం మెట్రో ఎక్కడానికి భయపడేవాడు. "ఈ ఊళ్లో భూమి మీదకంటే కిందే జనం ఎక్కువ" అనేవాడు. పొద్దున్నే టీ హోటల్లో ఆవిరి మీద ఉడికించిన రొయ్యల కుడుములు తినడం కోసం ఆ భయాన్నీ ఓర్చుకునేవాడు.

ఆ రోజు అతను మా వైపు అలవాటుగా గిన్నెలు వేడి టీతో కడగడానికి వంగినప్పుడు, ఎడమ చెవి కింద గడ్డ కనిపించింది. నా చేతిలో చాప్‌స్టిక్స్ ఆగిపోయాయి.

"ఏమే, చల్లారిపోతున్నాయి, తిను. నన్నేం చూస్తావ్? నేనేం పెళ్లికొడుకునా?"

"చెవి కింద అదేంటన్నయ్యా?"

"వేడే. మొన్న కాల్చిన బాతు ఎక్కువ లాగించా."

"మార్చి నుంచీ ఒకటే వేడా?"

"అచ్చం అమ్మ పోలికే నీది. మనం తుమ్మితే చాలు, శవపేటికకు కొలతలు తీసేది."

నాకు నవ్వు రాలేదు. మా వైపు మొటిమ లేచినా, నోరు పూసినా, ముక్కులోంచి రక్తం కారినా ఒకటే మాట, ఒంట్లో వేడి. ఒకటే మందు, చేదు కషాయం. మార్చిలో వచ్చినప్పుడు అతని రుమాలులో రక్తపు చార చూసి ఆ మాట మొదట అన్నది నేనే. ఆ తర్వాత మా వీధిలో ఒకాయన అచ్చం ఇలాగే మొదలై ఏడాది తిరగకుండా పోయాడు. అప్పటినుంచీ అన్నయ్య నుంచి ఫోనొస్తే చేతిలో పని వదిలేసి ఎత్తేదాన్ని. అందుకే అతనికి చెప్పకుండా ఆ రోజు పదింటికి డాక్టరు దగ్గర పేరు రాయించాను.

"ఊరికే ఒకసారి చూపిద్దాం" అన్నాను.

"టీ తాగిస్తానని పిలిచి ఆస్పత్రికా? దొంగదానివే నువ్వు!" అన్నాడు. అయినా లేచాడు. అంత తేలిగ్గా ఒప్పుకోవడమే నన్ను మరింత భయపెట్టింది.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. సన్నటి గొట్టం అతని ముక్కులోకి పంపి, తెర వైపు చూస్తూ మాట మధ్యలో ఆపేసింది. గొట్టం బయటికి తీశాక కూడా తెర మీదనుంచి చూపు తిప్పలేదు.

"ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారు? ముక్కు వెనక పుట్టిన గడ్డ మెడ దాకా పాకింది" అంది మెల్లగా.

ఆమె కూర్చున్నది గడ్డ ఉన్న వైపు; అన్నయ్యకు ఆ చెవి వినిపించదు. నా వైపు తిరిగాడు. "ఏమంటోంది?"

"వేడేనంట" అన్నాను.

"చెప్పలేదూ!" అన్నాడు. కానీ నా మొహం మీంచి కళ్లు తిప్పలేదు. నా మణికట్టు పట్టుకున్న అతని చెయ్యి చల్లగా ఉంది.

ఆ సాయంత్రమే ఆస్పత్రిలో చేర్చుకున్నారు. కొత్త సంవత్సరానికి పన్నెండు రోజుల ముందు పోయాడు.

నలభై తొమ్మిదో రోజు కర్మ ముగిశాక, షిన్‌హుయ్‌లో అతను ఎప్పుడూ కషాయం కొనే దుకాణానికి వెళ్లాను. దుకాణం నడిపే ఫుంగ్ అక్క నన్ను కూర్చోబెట్టింది.

"మార్చిలో నేను మీ అన్నకి కషాయం అమ్మనని చెప్పానమ్మా" అంది. "ఇది వేడి కాదు, గ్వాంగ్జౌ వెళ్లి ముక్కు డాక్టరుకి చూపించుకోమని తిట్టి బస్సెక్కించా."

"మరి ఎందుకు చూపించుకోలేదు?"

"నాలుగో రోజు తిరిగొచ్చాడు. డాక్టరేమన్నాడని అడిగితే, అక్కడిదాకా పోలేదన్నాడు. వేడేనని మా చెల్లి చెప్పింది, తనే కాచి ఇచ్చింది అన్నాడు."