మడ అడవిలో తెడ్డు చప్పుడు

దయ్యాల మాటెత్తితే నవ్వేసే మనిషిని నేను. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఏ సంగతైనా తిథి, వేళ చూసుకునే చెబుతాను. అందుకే ఇది పోయిన మాఘ పౌర్ణమి మర్నాడు, పొద్దెక్కాక జరిగిందని ముందే రాస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాను.

మాది మొగల్తూరు దగ్గర చేపల వేట మీద బతికే కుటుంబం. మా చెల్లెలు కాంతం భర్త పోలరాజు రెండేళ్ళ కిందట సముద్రం మీదికి వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. శవం కంటపడనిదే భార్య చేతి గాజులు తీయకూడదని మావాళ్ళలో పట్టింపు. ఇన్నాళ్ళూ ఆగిన పెద్దలు ఇక చాలని, గురువారం తీయిస్తామన్నారు. కాంతం ససేమిరా అంది. మేమిద్దరమే ఉండే ఇంట్లో రోజూ సాయంత్రం ఎసట్లో అతని కోసం ఇంకో గుప్పెడు బియ్యం వేస్తూనే ఉంది.

నలుగురూ పట్టుకుని పగలగొట్టే దాకా రాకూడదని నా బాధ. కాస్త దూరం తీసుకెళ్ళి నచ్చజెబుదామని కోరంగి మడ అడవికి ప్రయాణం కట్టాను. అది అభయారణ్యం, లోపల వేట నిషేధం. పీపాల మీద వెదుళ్ళు కట్టిన తెప్పలో పాయల వెంట తిప్పి తెస్తారు. ఆ రోజు మేమే మొదటివాళ్ళం.

తెప్ప నడిపే నూకరాజు కూడా వేట కుటుంబంవాడే. ఇక్కడ దోమకి తప్ప దేనికీ భయపడక్కర్లేదండి అని నవ్వించాడు. మంచు ఇంకా విడలేదు. పోటు నీరు మెల్లగా లోపలికి పోతోంది. గెడ వేయకపోయినా తెప్ప దానంతటదే సాగుతోంది. మడచెట్ల వేళ్ళు మంచులోంచి వచ్చి మళ్ళీ మంచులోకి పోతున్నాయి. మేం కదులుతున్నామో, చెట్లే వెనక్కి జరుగుతున్నాయో తెలియడం లేదు. ఆ నిశ్శబ్దంలో నేను గురువారం సంగతి ఎత్తాను.

"తెప్ప మీద కూడా క్లాసేనా అక్కా? ఇంటిబెల్లు కొట్టెయ్," అంది కాంతం.

అప్పుడు వినిపించింది, పడవ అంచు మీద తెడ్డుతో కొట్టిన చప్పుడు. వెంటవెంటనే రెండు, కాస్త ఆగి ఒకటి.

వేట నుంచి కాలవలోకి రాగానే మా ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కో తీరున అలా కొడతారు, ఇంట్లో ఎసరు పెట్టమని. రెండు, ఆగి ఒకటి అంటే పోలరాజు. మంచులో అయితే విన్న పడవవాళ్ళు తిరిగి కొట్టి తీరాలి, లేకపోతే పడవలు గుద్దుకుంటాయి. నూకరాజు అలవాటు కొద్దీ గెడతో పీపా మీద జవాబు కొట్టేశాడు. కొట్టాక చుట్టూ చూశాడు.

"లోపల మనం తప్ప ఎవరూ లేరండి అమ్మగారూ. చెయ్యి ఆగక కొట్టేశాను," అన్నాడు.

పీపాలు ఒకదానికొకటి తగులుతున్నాయేమోనని తెప్ప ఆపించాను. నీటిపిల్లులేమోనని రెండు గట్లూ చూశాను. ఆకు కూడా కదల్లేదు. మళ్ళీ అదే చప్పుడు, ఈసారి చెయ్యి చాపితే అందేటంత దగ్గర.

కాంతం బెదరలేదు. కొత్త పెళ్ళికూతురిలా చిన్నగా నవ్వి, ఒంగి, రెండు చేతులూ మోచేతుల దాకా నీళ్ళలో పెట్టింది. పడిపోతుందేమోనని నేను నడుం పట్టుకున్నాను. చేతులు పైకి తీసేసరికి గాజులు లేవు.

వాపులతో ఆమె మణికట్లు లావెక్కాయి. కిందటేడు ఒక గాజు చిట్లితే, పాలకొల్లులో గాజులాయన కొత్తవి వేయడానికి సబ్బు రాసి లాగినా మిగతావి ఊడిరాలేదు. ఇప్పుడు చర్మం మీద చిన్న గీరు కూడా లేదు.

"అడిగాడక్కా. ఇచ్చేశాను," అంది నీళ్ళోడుతున్న చేతులు చూసుకుంటూ.

ఆ తర్వాత చప్పుడు లేదు. రేవులో కాపలా ఆయన్ని అడిగాను. మేం తప్ప ఎవరూ లోపలికి వెళ్ళలేదన్నాడు. పోలరాజు పోయింది మా తీరాన, అది ఇక్కడికి ఎంతో దూరం.

గురువారం వచ్చిన పెద్దలు బోసి చేతులు చూసి, కాఫీ తాగి వెళ్ళారు.

చల్లటి నీళ్ళకి వాపు తీసిందేమో, పీపాలే మోగాయేమో అని ఎన్ని రకాలుగా కలిపి చూసినా నాకు జవాబు రాలేదు. మేం తిరిగొచ్చిన సాయంత్రం కాంతం ఎసట్లో మా ఇద్దరికీ సరిపడా బియ్యమే పోసింది. ఇంకో గుప్పెడు వేస్తుందేమోనని పక్కనే నిలబడి చూశాను. మూత పెట్టేసింది.